జోడు సంఖ్య ఐదు దాటితే

ముందుగా ఒక మాట. అక్షరాలు నేను యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట వినవు. తప్పు కనబడితే దిద్దుకుని చదవండి, నవ్వుకున్నా నాకు కోపం లేదు. రాయడంలో నేను నత్తకు అక్కను. కథలో మనిషి మాత్రం పరిగెత్తుతాడు. అతని వెంట మీరూ పరిగెత్తండి, నేను వెనక వస్తాను.

*

సోమవారం ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలు.

బస్ స్టాప్‌లో వరుసలో నాలుగో మనిషి లెక్కల గుమాస్తా. బట్టతల, భుజాన సంచి, జేబులో నీలం పెన్ను. వెనకనున్న, చేతులకు తొడుగులు వేసుకున్న మనిషి మర్యాదగా అడిగాడు.

"సార్, ఒక్క నిమిషం పెన్ను ఇస్తారా? ఫోన్ నంబర్ రాసుకోవాలి."

పెన్ను అడిగితే లేదనే మనిషి ఎక్కడుంటాడు? గుమాస్తా ఇచ్చాడు. ఆ మనిషి ఏదో గీకి తిరిగిచ్చాడు. థాంక్స్ కూడా చెప్పాడు. బస్సు వచ్చింది. గుమాస్తా ఎక్కి, కిటికీ పక్క సీటు దొరికినందుకు సంతోషించి, సంచిలోంచి అంకెల కాగితాలు తీశాడు. ఇరవై ఏళ్ళ అలవాటు చొప్పున పెన్ను చివర నోట్లో పెట్టుకుని కొరికాడు.

మూడో స్టాప్ వచ్చేసరికి అతని లెక్క ముగిసిపోయింది.

చొక్కా లోపలి జేబులో ఒక చిన్న చీటీ దొరికింది. దాని మీద రెండే మాటలు. "ఎవరూ కాదనకండి."

*

"పాస్‌వర్డ్ అంటావా?" అడిగాడు పెద్దాయన.

పెద్దాయన రహస్య విభాగానికి అధిపతి. బల్లకు అటువైపు ఆయన, ఇటువైపు ఏజెంట్ పదకొండు. పదకొండు వయసు నలభై ఆరు. నాలుగు భాషలు, ఏడు వేషాలు, మూడు బుల్లెట్ మచ్చలు. చుట్టాలకు మాత్రం బీమా కంపెనీలో పనిచేస్తున్నానని చెప్పుకుంటాడు. ఆ అబద్ధం వల్ల పెళ్ళిళ్ళలో ఎవరూ అతని పక్కన కూర్చోరు.

"పాస్‌వర్డ్‌లా లేదు సార్. బతిమాలినట్టుంది."

పెద్దాయన గోడ మీది తెర వెలిగించాడు. తెర మీద ఒకే ఒక్క అంకె. 2.6.

"ఇదేంటో తెలుసా?"

"జ్వరం కాదు కదా సార్?"

"జ్వరమే అనుకో. రోగి ఉడత మార్కు పొడి."

ఉడత మార్కు పొడి తెలియని ఇల్లు లేదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే నీళ్ళలో కలిపి తాగించే ఉప్పు, చక్కెర ప్యాకెట్. మూడు వారాల కిందట వరద వచ్చి మంచినీటి గొట్టాల్లో మురుగు కలిసింది. ఇప్పుడు పిల్లల ఆసుపత్రులన్నీ నిండిపోయి ఉన్నాయి. వాళ్ళ ప్రాణాలు ఆ ప్యాకెట్ మీదే నిలబడ్డాయి.

"జనం ఆన్‌లైన్‌లో మాట్లాడుకునే మాటల్ని దుకాణాల సంఘం మిషన్ ఒకటి రోజంతా చదువుతుంటుంది," అన్నాడు పెద్దాయన. "ఏ సరుకు పేరు పక్కన ఏ విషయం ఎక్కువగా వస్తోందో చూస్తుంది. మామూలుగా కలవాల్సినదానికన్నా ఎన్ని రెట్లు ఎక్కువ కలుస్తున్నాయో చెప్పేదే ఈ జోడు సంఖ్య. ఒక సరుకు, ఒక రోగం పేరు కలిపి ఈ సంఖ్య ఐదు దాటిందనుకో, దేశంలో ప్రతి కొట్టులోనూ బిల్లింగ్ మిషన్ ఆ సరుక్కి బిల్లు కొట్టదు. ఏడు రోజులు. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి లెక్క చూస్తుంది."

"మిషన్ ఆపేద్దాం సార్."

"ఆపలేం. నాలుగేళ్ళ కిందట కల్తీ పాలపొడి గొడవలో ఎవరో మంత్రి ఈ లెక్క మార్పించి తన కంపెనీని కాపాడుకున్నాడు. అప్పట్నుంచి ఆ మిషన్‌లో ఎవరూ వేలు పెట్టకూడదని చట్టం చేశాం. మనమే చేశాం. నేనే సంతకం పెట్టాను."

"ఉడత పక్కన వస్తున్న మాటేంటి?"

"కిడ్నీ. ఈ పొడి తాగితే పిల్లల కిడ్నీలు పోతాయని ఎవరో పుట్టించారు. శుద్ధ అబద్ధం. వెనక ఉన్నది త్రిభుజం ముఠా, విదేశీ మందుల మాఫియా. ఉడత కొట్లలోంచి మాయమైతే వాళ్ళ సీసా మందు ఓడల్లో సిద్ధంగా ఉంది, ఇరవై రెట్ల ధరకి. ఇదే వేగమైతే బుధవారం మధ్యాహ్నానికి ఐదు దాటుతుంది. చచ్చిపోయిన గుమాస్తా మన మనిషే. అంకెల విభాగం. ఏదో కనిపెట్టాడు, చెప్పేలోగా పోయాడు."

తలుపు తెరుచుకుంది. ముందు సువాసన వచ్చింది, వెనక ఆమె వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర గోళ్ళు, వేలికి రేగిపండంత రాయి. విభాగంలో అందరూ ఆమెను వజ్రం అంటారు. ఆ ఉంగరంలో కెమెరా ఉందని అందరికీ తెలుసు. అయినా ఆమె చెయ్యి చాపితే ఎవరూ ముఖం తిప్పుకోరు.

"ఖండన విభాగం నడుపుతున్నది ఈవిడే," అన్నాడు పెద్దాయన మెత్తబడిపోయి. "పొరుగు దేశం సర్వీస్ నుంచి అరువు తెచ్చుకున్నాం."

"నలభై మంది టైపిస్టులు, మూడు షిఫ్టులు," అంది వజ్రం. "అబద్ధం ఎక్కడ కనబడినా నిమిషంలో జవాబు పెడుతున్నాం. మీరు ముఠాను పట్టుకోండి. మాటల సంగతి నాకొదిలేయండి."

*

ఆ సాయంత్రం పదకొండుకు అక్క ఫోన్ చేసింది. అక్క పిల్లల వార్డులో హెడ్ నర్సు. అరవై రెండు మంచాలు, తొంభై మంది పిల్లలు.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బీమా వాళ్ళకి పలుకుబడి ఉంటుంది కదా, ఉడత ప్యాకెట్లు ఎక్కడన్నా దొరికితే పంపించరా. మా స్టోర్‌లో బుధవారం దాకా వస్తే గొప్ప. ఆ తర్వాత బయట కొట్లే గతి. మూడో మంచం మీద ఒక పిల్ల ఉందిరా, కళ్ళు లోపలికి పోయాయి. చెంచా చెంచా పోస్తున్నాం."

"చూస్తానక్కా."

"చూస్తానంటే కుదరదు. ఇంకో సంగతి, ఈ కిడ్నీ పుకారు చూశావా? నేను ఊరుకుంటున్నానా! డ్యూటీ దిగాక కూర్చుని వంద మెసేజ్‌లు పెట్టాను. 'నేను ముప్పై ఏళ్ళ నర్సుని, ఉడత మార్కు పొడి వల్ల కిడ్నీకి ఏ హానీ లేదు' అని. మా నర్సుల గ్రూప్ ఆరువేల మందిమీ పెడుతున్నాం."

"మంచి పని చేశావక్కా," అన్నాడు పదకొండు. ఆ మాటకు ఆ తర్వాత అతను చాలా సిగ్గుపడ్డాడు.

*

మంగళవారం మధ్యాహ్నానికి అంకె 3.7.

పదకొండు నీటి మీటర్ చూసేవాడి వేషంలో ఒక మూడంతస్తుల ఇంటి ముందు నిలబడ్డాడు. పుకారు మొట్టమొదట పుట్టిన కంప్యూటర్లు ఆ ఇంటి పైవాటాలో ఉన్నట్టు విభాగం వెతుకులాటలో తేలింది. చేతిలోని మీటర్ నిజానికి గోడ అవతలి గుసగుసను కూడా పట్టే యంత్రం. ఆన్ చేశాడు. గుసగుస లేదు. దగ్గు లేదు. ఫ్యాన్ చప్పుడు కూడా లేదు.

పిస్టల్ తీసి తలుపు తన్నాడు. అది తాళం వేయని తలుపు. ఆ విసురుకు తూలి లోపల పడ్డాడు.

ఖాళీ గది. మూడు బల్లలు, మూడు కుర్చీలు. బల్లల మీద వేలుతో పేరు రాసుకునేంత దుమ్ము.

కింది వాటా ఇంటావిడ చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చింది. "వాళ్ళా? ఖాళీ చేసి పది రోజులైంది నాయనా. మంచి పిల్లలు. అద్దె అడ్వాన్స్ కూడా వెనక్కి అడగలేదు. నువ్వేంటి, మీటర్ కింద ఉంటే పైకొచ్చి తలుపు తంతున్నావు?"

పది రోజులు! మరి పది రోజులుగా పుకారును పెంచుతున్నది ఎవరు?

బల్ల సొరుగు అడుగున ఒక కాగితం అంటుకుని ఉంది. పైన పద్దెనిమిది రోజుల కిందటి తేదీ. కింద రెండు వరుసలు.

"మొదటి వారం: మనం చెబుతాం. రెండో వారం: వాళ్ళు కాదంటారు. మనం వెళ్ళిపోవచ్చు."

ఆ కింద ఒక నమూనా వాక్యం. "ఉడత మార్కు పొడికీ కిడ్నీ జబ్బుకూ ఎలాంటి సంబంధమూ లేదని తెలియజేస్తున్నాం." అక్షరం పొల్లుపోకుండా ఇదే వాక్యం ఖండన విభాగం గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించి ఉంది. కానీ వజ్రం మన దగ్గర చేరి తొమ్మిది రోజులే అయింది. అంటే ఆ వాక్యం ఆమెకన్నా ముందే ఈ గదిలో ఉంది.

పదకొండు కాగితాన్ని కిటికీ దగ్గరికి తెచ్చి బొత్తం కెమెరాతో ఫోటో తీయబోయాడు. ఎండ తగలగానే కాగితం అంచుల నుంచి నల్లబడింది. అది వెలుతురుకు మాడిపోయే కాగితం. మూడు లెక్కపెట్టేలోపు అతని చేతిలో బొగ్గు ముక్క లాంటిది మిగిలింది.

*

అంకెల విభాగం నేలమాళిగలో ఉంది. గుమాస్తా కుర్చీ ఖాళీగా ఉంది. పక్క కుర్చీలో లెక్కలావిడ ఉంది. యాభై దాటిన మనిషి, విరిగిన కళ్ళజోడు కాడకు దారం చుట్టుకుంది. గుమాస్తాతో పద్దెనిమిదేళ్ళు పక్కపక్కన కూర్చుని పనిచేసింది. పదకొండు ఆమెకు కాగితం సంగతి చెప్పాడు.

"ఆదివారం సాయంత్రం ఆయన నాకు ఫోన్ చేసి, 'మనమే చేస్తున్నాం, మనమే' అన్నాడు బాబూ. రేపు చెబుతానన్నాడు."

"ఏం చేస్తున్నాం మనం?"

ఆమె ఒక కాగితం ముందుకు లాక్కుంది. "ఇదిగో చూడు. పదివేల మాటలున్నాయనుకో. అందులో ఉడత ఊసు రెండు వందల చోట్ల, కిడ్నీ ఊసు రెండు వందల చోట్ల. ఏ సంబంధమూ లేకపోయినా ఊరికే ఎదురుపడి నాలుగు చోట్ల కలుస్తాయి. సంతలో ముఖపరిచయం లేనివాళ్ళు భుజాలు తగిలించుకున్నట్టు. ఆ నాలుగు ఇరవై అయితే ఐదు రెట్లు. అదే జోడు సంఖ్య."

"అర్థమైంది."

"కాలేదు. మిషన్ రెండు పేర్లు ఒకేచోట ఉన్నాయా లేదా అనే చూస్తుంది. అవును అన్నారా, కాదు అన్నారా, దానికి అనవసరం. 'పొడి వల్ల కిడ్నీ పోతుంది' అంటే ఒకటి. 'పొడి వల్ల కిడ్నీ పోదు' అంటే ఇంకొకటి. రెండూ దానికి ఒక్కటే."

పదకొండు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. నలభై మంది టైపిస్టులు. ఆరువేల మంది నర్సులు. వంద మెసేజ్‌లు పెట్టిన అక్క.

"ఎవరూ కాదనకండి," అన్నాడు మెల్లగా.

"అదే బాబూ. ముఠా అగ్గిపుల్ల గీసి వెళ్ళిపోయింది. ఊదుతున్నది మనం."

*

"నిజం రాయించాను," అంది వజ్రం. పెద్దాయన గదిలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. "అది నేరమైతే అరెస్ట్ చేయండి. ఏ సెక్షనో చెప్పండి, నేనూ రాసుకుంటాను."

"గుమాస్తాని చంపించారు."

"సాక్ష్యం?"

"ఒక కాగితం దొరికింది."

"చూపించండి."

పదకొండు చూపించలేకపోయాడు. తెర మీద అంకె 4.4 అయింది. వజ్రం దాన్ని చూసి చిన్నగా నవ్వింది.

"ఇప్పుడు ఆపేయిస్తారా? ఆపండి. 'ప్రభుత్వం జవాబు చెప్పడం మానేసింది, అంటే నిజమే' అంటారు. తీసేయిస్తారా? 'ఎందుకు తీసేశారు' అని రెండింతలు మాట్లాడతారు. మీ దగ్గర పిస్టల్ ఉంది కదా, అంకెను కాల్చండి."

పెద్దాయన తల పట్టుకున్నాడు. "పదకొండూ, ఇంకో కబురు. రేపు పదకొండున్నరకి ఆరోగ్య మంత్రి టీవీలో స్వయంగా ఖండిస్తున్నాడు. నేను ఆపమన్నాను. 'దేశం ధైర్యం కోసం ఎదురు చూస్తుంటే నన్ను నోరు మూసుకోమంటావా' అన్నాడు. ఈవిడ రాసిచ్చిన ఉపన్యాసంలో ఉడత, కిడ్నీ కలిసి పద్నాలుగు సార్లు వస్తాయి."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో పదకొండు రైళ్ళు ఆపాడు, బాంబులు విప్పాడు, ఒకసారి పడవలోంచి పడవలోకి దూకాడు. మాట్లాడుకునే మనుషుల్ని మాత్రం ఎలా ఆపాలో అతనికి తెలియలేదు.

*

బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి అంకె ఐదు దాటేసింది. 5.2.

"ఇప్పుడు దాటినా ఫర్వాలేదు. పన్నెండింటికి ఎంతుందన్నదే లెక్క," అంది లెక్కలావిడ. ఆమె గుమాస్తా ఖాళీ కుర్చీ పదకొండుకిచ్చింది. అతను కూర్చున్నాడు, చెయ్యడానికి ఇంకో పని లేదు కాబట్టి.

"తగ్గే దారి లేదా అమ్మా?"

"కాగితం మీద ఉంది. కిడ్నీ మాట రాకుండా ఉడత ఊసు విడిగా రెట్టింపైతే సంఖ్య సగానికి పడుతుంది. కానీ ఉప్పు, చక్కెర ప్యాకెట్ గురించి లక్షల మంది ఊరికే ఏం మాట్లాడుకుంటారు?"

పదకొండు తన ఏడు మారుపేర్లతో ఏడు ఖాతాలు తెరిచి రాశాడు. "ఉడత మార్కు పొడి మంచిది." అర నిమిషంలో మొదటి జవాబు వచ్చింది. "మరి కిడ్నీ?" దాని కింద ఇంకొకరు. "కిడ్నీకి ఏం కాదు, ఉడత మంచిదే, మా డాక్టర్ చెప్పాడు." పది నిమిషాల్లో మూడు వందల మాటలు, అన్నిటిలోనూ రెండు పేర్లూ కలిసి ఉన్నాయి. అతను ఒకటి చల్లార్చబోయి మూడు వందలు రాజేశాడు.

పదిన్నరకు అంకె 6.8.

అక్క ఫోన్.

"ఒరేయ్, నిన్న రాత్రి నుంచి మెసేజ్‌లు పెట్టొద్దంటావేంట్రా? నీకేమన్నా మతి పోయిందా? అబద్ధాన్ని అబద్ధమంటే తప్పా?"

"ఎందుకో చెప్పలేనక్కా. నా మాట విను. కిడ్నీ అన్న మాటే ఎత్తొద్దు."

"బీమా వాడివి, నర్సుకి పాఠం చెప్తున్నావు! స్టోర్‌లో పదకొండు ప్యాకెట్లున్నాయి. మూడో మంచం పిల్ల పొద్దున్న నన్ను చూసి నవ్వింది. సాయంత్రానికి దానికేం పొయ్యనురా?"

అతను బల్ల మీది ఉడత నీళ్ళ సీసా అందుకున్నాడు. గుక్క తాగబోతే దగ్గు వచ్చింది.

"ఏంటా గొంతు? ఒంట్లో బాగోలేదా?"

"నిన్నటి నుంచి వాంతులక్కా. ఎక్కడో నీళ్ళు తాగాను. ఉడత ప్యాకెట్ కలుపుకుని తాగుతున్నానులే. సీసాలో పొడి వేసి, పైన లీటరు నీళ్ళు పోసి..."

"పొడి ముందా?" అక్క గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "పొడి ముందు వేస్తావా? ఎవరు నేర్పారురా నీకు ఆ దరిద్రం? నీళ్ళు ముందు! నీళ్ళు పోసి, తర్వాత పొడి వెయ్యాలి! లేకపోతే అడుగున గడ్డ కట్టదూ?"

ఫోన్ స్పీకర్ మీద ఉంది. లెక్కలావిడ కళ్ళజోడు పైకి నెట్టుకుంది.

"ఎవరండీ ఆవిడ? పొడే ముందు. నీళ్ళు పైనుంచి పోస్తే ఆ విసురుకే కలిసిపోతుంది. మా అత్తగారి కాలం నుంచీ అంతే."

"ఎవరమ్మా నువ్వు? ముప్పై ఏళ్ళ నర్సుని నేను!"

"ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని నేను! కరగాలంటే విసురు కావాలి, చదువు కాదు!"

"మీ అత్తగారికి చెంచా లేదా ఏంటి, విసురు మీద కలపడానికి?"

"మా అత్తగారి జోలికి రాకండి! ఆవిణ్ణి అనాలంటే నేనే అనాలి!"

పదకొండు ఇద్దరి మధ్యా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. అప్పుడు అతనికి ఒక సంగతి తట్టింది. నాలుగు నిమిషాలుగా ఇద్దరు ఆడవాళ్ళు ఉడత మార్కు పొడి గురించి గొంతులు చించుకుంటున్నారు. ఇద్దరిలో ఒక్కరి నోట కూడా కిడ్నీ రాలేదు.

"అక్కా!" అని అరిచాడు. "ఈ గొడవే మీ నర్సుల గ్రూప్‌లో పెట్టు. ఉడత ప్యాకెట్‌కి నీళ్ళు ముందా, పొడి ముందా? ఇంకేమీ రాయకు. ఆవిడ తప్పని రుజువు చెయ్యి!"

"చెయ్యనా మరి! ఇప్పుడే చూపిస్తాను ఆ విసురు మహాతల్లికి!"

అక్క పెట్టింది. "ఒక ప్యాకెట్, కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్ళు, దాన్లో గొడవ లేదు. కానీ ఉడత పొడి కలిపేటప్పుడు నీళ్ళు ముందా, పొడి ముందా?"

ఆరువేల మంది నర్సుల్లో రెండు నిమిషాల్లో రెండు పార్టీలు తయారయ్యాయి. నర్సులు ఇళ్ళకు పంపారు. ఇళ్ళలో అత్తలు నీళ్ళన్నారు, కోడళ్ళు పొడన్నారు. తోడికోడళ్ళు మొదటిసారి ఒకే పక్షాన నిలబడ్డారు. ఒక మామగారు, రెండూ కాదు, ఉడతను సగం పోసి నీళ్ళు పోసి మళ్ళీ సగం పోయాలని రాసి మూడు తరాల చేతా తిట్లు తిన్నాడు. ఎవరో పెళ్ళి సంబంధం వదులుకుంటామన్నారు. ఎక్కడో ఒకరు "మరి కిడ్నీ సంగతి" అని రాశారు. "అది తర్వాత, ముందు దీని సంగతి తేలనీ" అని నలుగురు కసిరారు.

పదకొండుంబావుకు అంకె 6.1. పదకొండున్నరకు 5.3.

అప్పుడు మంత్రి టీవీలోకి వచ్చాడు.

"ప్రియమైన ప్రజలారా, ఉడత మార్కు పొడికీ కిడ్నీ జబ్బుకూ ఎలాంటి సంబంధమూ..."

5.3 కాస్తా 5.6 అయింది. 5.9. 6.3. లెక్కలావిడ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదకొండు చెయ్యి అలవాటుగా పిస్టల్ మీదికి వెళ్ళి, అక్కడ ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది. మూడు మైళ్ళ అవతల స్టూడియోలో ఒక మనిషి కాగితం చూసి చదువుతున్నాడు. చదువుతూనే ఉన్నాడు.

పదకొండూ యాభైకి ఉపన్యాసం అయింది. విలేఖరులు లేచారు. మొట్టమొదట లేచిన ఆవిడ చేతిలో ఫోన్ చూసుకుంటూ అడిగింది.

"సార్, దేశమంతా ఒకటే అడుగుతోంది. మీ ఇంట్లో ఉడత పొడికి నీళ్ళు ముందా, పొడి ముందా?"

మంత్రి కాగితం తిరగేశాడు. దాన్లో జవాబు లేదు. ఆయన ముఖంలో మంత్రి పోయి మొగుడు కనబడ్డాడు.

"మా అమ్మ నీళ్ళు ముందు పోసేది," అన్నాడు. "మా ఆవిడ..." అని ఆగాడు. "మా ఆవిడ చూస్తూ ఉంటుంది. నేను ఏమీ చెప్పను."

దేశం పగలబడి నవ్వింది. ఆ తర్వాత రెండు పక్షాలూ మంత్రి తమవాడేనని కలబడ్డాయి.

6.1. 5.8. 5.5.

పన్నెండుకు మూడు నిమిషాలు. 5.3.

రెండు. 5.2.

"దిగమ్మా, దిగు," అంటోంది లెక్కలావిడ, చెట్టెక్కిన పిల్లను పిలిచినట్టు.

ఒకటి. 5.1. అక్కడే నిలబడిపోయింది. పదకొండు తన ఏడు ఖాతాలూ తెరిచి ఒక్కొక్కదాని నుంచీ రాశాడు. "ఉడతకి నీళ్ళే ముందు." "ఉడతకి పొడే ముందు." తనతో తనే పోట్లాడాడు. ఆ ఏడు మాటల వల్ల ఏమన్నా జరిగిందో లేదో ఎవరికీ తెలియదు, బహుశా ఏమీ జరిగి ఉండదు.

గోడ గడియారం పన్నెండు కొట్టింది. అంకె ఆగింది.

4.98.

ఆ దేశంలో ఏ కొట్టులోనూ బిల్లు ఆగలేదు. ఒంటిగంటకు అక్క ఆసుపత్రి ఆయా పక్క వీధి కొట్టులో నాలుగు పెట్టెలు తీసుకొచ్చింది. మూడో మంచం పిల్ల తన వంతు తాగి, మిగిలింది పక్క మంచం మీద ఒలకబోసింది.

*

లెక్కలావిడ గుమాస్తా కుర్చీని బల్ల కిందికి నెట్టింది. "పొడి వల్ల కిడ్నీ పోదన్న నిజం ఎవరికీ ఎక్కలేదు బాబూ. ఇంకో గొడవ దాని మీద పడింది, అంతే. రేపు పన్నెండింటికి మళ్ళీ లెక్క ఉంది."

"ఎల్లుండీ ఉంటుందా?"

"రోజూ ఉంటుంది."

పెన్ను అడిగిన మనిషి దొరకలేదు. సాయంత్రం పెద్దాయన గదిలో వజ్రం తన సూట్‌కేసుతో నిలబడి ఉంది. ఆమె చేతిలో మంత్రి సంతకం పెట్టిన ప్రశంసాపత్రం ఉంది. జాతికి ధైర్యం చెప్పినందుకట. ఆమె వెళ్తూ వెళ్తూ పదకొండు ముందు ఆగింది.

"బాగా ఆడారు. తర్వాతి సరుకు ఏదో మీకు తెలియదు, నాకు తెలుసు."

సువాసన గదిలో ఇంకో పావుగంట ఉంది. పెద్దాయన కిటికీ తెరిచాడు.

ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, నువ్వు బీమా వాడివే అయినా నలుగురిలో తిరిగేవాడివి కదా. ఇంతకీ ఎవరు గెలిచారో చెప్పరా. నీళ్ళా, పొడా?"

పదకొండు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అది దేశ రహస్యం అక్కా. ప్రాణం పోయినా చెప్పను."

*

రాసింది బొత్తాల పెద్దమ్మ. వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉంటున్నది మరిది గారింటి వెనక వాటాలో, కిటికీ ఉన్న గది.